రిసెప్షన్ సీటుకు అప్పీల్: ముందు ఆ 30 లెక్క తేల్చుకోండి

"ఏప్రిల్ 16న ఆఫర్ వచ్చింది. ఇంటి పక్క స్కూల్ ఫుల్ అని మూడో ఛాయిస్ ఇచ్చారు. అప్పీల్ చేస్తే వస్తుందా, లెటర్‌లో ఏం రాయాలి?" అని అడిగారు. రిసెప్షన్ అంటే నాలుగేళ్లు నిండిన పిల్లలు బడిలో చేరే మొదటి తరగతి. ఇంగ్లండ్ వరకే చెబుతున్నానండి. వేల్స్, స్కాట్లండ్‌లలో పద్ధతి వేరు.

ముందుగా ఇచ్చిన సీటు ఒప్పేసుకోండి. ఒప్పుకుంటే అప్పీల్ బలహీనపడుతుందనేది ఉత్త భయం. వద్దంటే మాత్రం అది వేరేవాళ్లకి పోతుంది. అప్పీల్ కూడా పోతే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్లాల్సి వస్తుంది. కావలసిన స్కూల్ వెయిటింగ్ లిస్ట్‌లో పేరుందో లేదో కూడా అడిగి తెలుసుకోండి. దాన్ని కనీసం డిసెంబర్ 31 దాకా నడపాలి. అందులో వరస ముందు చేరినవాళ్లది కాదు, అడ్మిషన్ రూల్స్‌ది: అక్కో అన్నో ఆ స్కూల్లో ఉన్న పిల్ల కొత్తగా చేరితే 4లో ఉన్న మీరు 5కి దిగుతారు. నా మాటగా చెప్పాలంటే, రిసెప్షన్ పిల్లలకి అప్పీల్ కంటే ఈ లిస్టే గట్టి ఆశ.

ఎందుకంటే రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 తరగతుల్లో ఒక టీచర్‌కి 30 మందికి మించకూడదని 1998 నాటి చట్టం చెబుతోంది. టీచింగ్ అసిస్టెంట్‌ని టీచర్‌గా లెక్కపెట్టరు. ఈ పరిమితి అడ్డొస్తే అప్పీల్ విని తీర్పు చెప్పే ప్యానెల్ చేతులు దాదాపు కట్టేసినట్టే. అప్పుడు నాలుగు విషయాలే చూస్తారు. మీ పాపని తీసుకున్నా నిజంగా 30 దాటదా? అడ్మిషన్ రూల్సే చట్టవిరుద్ధంగా ఉండి సీటు పోయిందా? రూల్స్ సరైనవే అయినా మీ విషయంలో తప్పుగా అమలు చేయడం వల్ల పోయిందా? ఇంగితం ఉన్న ఏ అధికారీ తీసుకోని నిర్ణయమా? ఈ చివరిదానికి గీత చాలా ఎత్తున ఉంటుంది. అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లాలి, నర్సరీ స్నేహితులంతా అక్కడే చేరారు, ఆఫర్ ఇచ్చిన స్కూల్‌కి రెండు బస్సులు మారాలి లాంటివి సాధారణంగా అక్కడిదాకా రావు. చాలామంది మూడు పేజీలు నింపేది మాత్రం సరిగ్గా వీటితోనే.

మీది ఈ రకమో కాదో తేల్చేది స్కూల్ పాన్, అంటే ఏటా తీసుకునే పిల్లల సంఖ్య. 30, 60, 90 అయితే అనుమానమే లేదు. 45 అయితే చూసి మోసపోకండి. ఇయర్ 1, ఇయర్ 2 కలిపితే 90 మంది, మూడు మిశ్రమ తరగతులు, తరగతికి 30. అంటే 46వ పిల్లతో లెక్క తప్పుతుంది. 40 కూడా అంతే: మూడేళ్లకి 120, నాలుగు తరగతులు. రిసెప్షన్‌లో ఇప్పుడు 28 మందే కనిపించినా వచ్చే ఏడు తరగతులు కలిపినప్పుడు 30 దాటుతుందని స్కూల్ చూపిస్తే అదీ చెల్లుతుంది. పాన్ 25, తరగతులు కలపరు అంటే మాత్రం పరిమితి అడ్డు రాదు, అప్పుడు మీ కారణాలకి విలువ ఉంటుంది.

పరిమితి అడ్డొచ్చే కేసులో మీరు వెతకాల్సింది తప్పు. ఒక్క తప్పు. కౌన్సిల్‌కి ఈమెయిల్ రాసి మూడు అడగండి: మా దరఖాస్తుని ఏ కేటగిరీలో పెట్టారు, మా ఇంటి దూరం ఎంతగా లెక్కించారు, చివరగా సీటు వచ్చిన పిల్ల కేటగిరీ, దూరం ఎంత. మీ దూరం 0.436 మైళ్లు, చివరి సీటు 0.421 అని వచ్చిందనుకోండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి "మాకు 0.41 చూపిస్తోంది" అంటే నిలవదు. వాళ్ల రూల్ పుస్తకంలో దూరం గీత గీసినట్టు కొలుస్తారా, నడిచే దారిన కొలుస్తారా, స్కూల్ ఏ గేటు దగ్గర మొదలుపెడతారు అన్నది రాసి ఉంటుంది. ఆ పద్ధతి ప్రకారమే తప్పు చూపించాలి. పాత అద్దె ఇంటి అడ్రస్‌తో కొలవడం, అక్క అదే స్కూల్లో ఉన్నా ఆ కేటగిరీలో వేయకపోవడం, కొన్ని స్కూళ్లు విడిగా అడిగే సప్లిమెంటరీ ఫారం ఇచ్చినా ఫైల్‌లో చేరకపోవడం లాంటివి జరుగుతుంటాయి. తప్పు దొరికినా చాలదు, అది జరగకపోతే సీటు మీకే వచ్చేదని కూడా తేలాలి. మీకంటే ముందు ఇంకో ఎనిమిది మంది ఉంటే ఆ తప్పు మీకు పనికిరాదు.

డాక్టర్ లెటర్ పెడుతుంటే "తల్లి చెప్పిన ప్రకారం" అని మొదలయ్యేది పెట్టకండి, అది బరువు తూగదు. ఈ స్కూల్లోనే ఏముంది, వేరే స్కూల్లో అది ఎందుకు కుదరదు అన్నది ఆ డాక్టరే రాయాలి. పిల్లకి ఈహెచ్‌సీ ప్లాన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి కౌన్సిల్ రాసిచ్చే ప్లాన్) ఉంటే ఈ అప్పీల్ మీది కాదు, దానికి వేరే ట్రైబ్యునల్ ఉంది.

గడువుకి కనీసం 20 బడి రోజులు ఇస్తారు, సెలవులు లెక్కలోకి రావు. తేదీ, ఫారం ఎక్కడికి పంపాలో లెటర్‌లోనే ఉంటాయి. అకాడమీలు (ప్రభుత్వ డబ్బుతో నడిచినా కౌన్సిల్ కింద లేని స్కూళ్లు), చర్చి స్కూళ్లది చాలాసార్లు వేరే దారి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే స్నేహితుణ్ణి తీసుకెళ్లొచ్చు, దుబాసీ కావాలంటే అప్పీల్ ఏర్పాట్లు చూసే క్లర్క్‌కి ముందే రాయండి. హియరింగ్‌కి కనీసం 10 బడి రోజుల ముందు నోటీసు వస్తుంది. కాగితాలన్నీ క్లర్క్ చెప్పిన తేదీలోపే పంపండి. ఆ రోజు చేతిలో పట్టుకెళ్లిన కాగితాన్ని చూడకపోవచ్చు.

ప్యానెల్‌లో కనీసం ముగ్గురు ఉంటారు, స్కూల్‌తో గానీ కౌన్సిల్‌తో గానీ సంబంధం లేనివాళ్లు. ముందు స్కూల్ తరఫు మనిషి "ఎందుకు కుదరదు" అన్నది చెబుతారు. మీరు ప్రశ్నలు వేయొచ్చు, వేయాలి కూడా. ముఖ్యంగా ఇయర్ 3 ఆపైన అప్పీల్ అయితే అసలు బలం అక్కడే ఉంది. అక్కడ 30 చట్టం లేదు కాబట్టి స్కూల్‌కి కలిగే ఇబ్బందినీ మీ పిల్ల అవసరాన్నీ త్రాసులో పెట్టి చూస్తారు. "ఇయర్ 5లో 32 మంది ఉన్నారు కదా, దానివల్ల ఏ ఇబ్బంది వచ్చింది?" అని సూటిగా అడగండి. ఆఫర్ వచ్చిన స్కూల్‌ని తిట్టడం మాత్రం వద్దు. మీకు కావలసిన స్కూల్లో ఏముంది, మీ పిల్లకి అది ఎందుకు కావాలి, అంతే.

నిర్ణయం ఐదు బడి రోజుల్లో రాతపూర్వకంగా వస్తుంది. అది ఇద్దరికీ కట్టుబాటే. పద్ధతిలో లోపం జరిగితే కౌన్సిల్ స్కూళ్ల విషయంలో ఆంబుడ్స్‌మన్‌కి, అకాడమీలైతే విద్యాశాఖకి ఫిర్యాదు చేయొచ్చు, నిర్ణయం నచ్చలేదన్న కారణానికి కాదు. పరిస్థితి పెద్దగా మారితే తప్ప అదే స్కూల్‌కి అదే విద్యా సంవత్సరంలో రెండో అప్పీల్ ఉండదు. అయితే పాప ఇయర్ 2 ముగిసే ఏడాది ఇయర్ 3కి మళ్లీ దరఖాస్తు పెట్టండి. అప్పుడు కాదన్నా ఆ 30 అడ్డం ఉండదు.