ముందు ఆ మొక్క పేరు కనుక్కో

అమ్మాయికి ఆశీస్సులు.

రష్యన్ చిత్రకారుడు షిష్కిన్ 1884లో గీసిన ‘పాడుపడిన తోటలో ఒక మూల: స్నిత్ గడ్డి’ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ మాట వింటోంది, దాని గురించి బెంగ లేదు. నా పేచీ అంతా మొదటి పేరాతోనే. “భార్యను పోగొట్టుకున్నవాడి కన్నీళ్లే ఈ తెల్లపూలు” అని తేల్చేశావు. అతని భార్య ఓల్గా 1881లో పోయిన మాట నిజమే. అంతమాత్రాన ఆ తర్వాత అతను గీసిన ప్రతి పువ్వూ కన్నీటిబొట్టేనా?

ముందు ఆ మొక్క ఏమిటో కనుక్కో. కొత్తిమీర మడి కోయకుండా వదిలేస్తే సన్నటి కాడలు లేచి, చివర చిన్న చిన్న తెల్లపూలు గొడుగులా విచ్చుకుంటాయి చూడు, స్నిత్ పూత కూడా అలాంటిదే. రెండూ ఒకే కుటుంబం. రష్యాలో వసంతకాలంలో దాని లేతాకు కోసి చారులో వేసుకుంటారు. తోటమాలికి మాత్రం అది మన తుంగ లాంటి పీడ: వేరు మట్టికింద పాకుతూ పోతుంది, పీకినప్పుడు ఒక్క ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది.

ఇప్పుడు బొమ్మ పేరు మళ్లీ చదువు. ‘తోట’ అన్నాడు. నువ్వేమో “మనిషి అడుగుపెట్టని అడవి” అని రాశావు. ఎవరో తవ్వి, నాటి, తర్వాత వదిలేసిన చోటు అది. వదిలేసినది ఎవరో షిష్కిన్ చెప్పడు, మనిషిని చూపించడు, కలుపును మాత్రం ఆకు ఆకునా గీస్తాడు. ఆకాశాన్నంటే పైన్ చెట్లు గీసి పేరు తెచ్చుకున్నవాడు మోకాలెత్తు కలుపు దగ్గర అంతసేపు ఎందుకు కూర్చున్నాడు? నీ వ్యాసంలో ఈ ప్రశ్నే లేదు. (నేనూ తక్కువ తినలేదు. నీ వయసులో ఇదే బొమ్మను అచ్చులో చూసి “అడవిమల్లెలు” అని రాశాను. అచ్చయింది కూడా.)

ఓల్గాను తీసేయమనడం లేదు. ఆమె అతని శిష్యురాలు, స్వయంగా చిత్రకారిణి. పూలూ మొక్కలూ ఆమెకు ఇష్టమైన వస్తువులు. ఆమెను తేవాలంటే శోకం దారిన కాదు, ఈ దారిన తీసుకురా. ఇద్దరూ ఒకే రకం ఆకును ఎలా చూశారో పక్కపక్కన పెట్టి చూడు.

కుండీలో గుప్పెడు ధనియాలు చల్లు. పూతకొచ్చాక పక్కన కూర్చుని, “లాగా”, “వలె” అనే మాటలు లేకుండా పది వాక్యాలు రాసి పంపు. వ్యాసం అప్పటిదాకా నా దగ్గరే ఉంటుంది.