రాత్రి పూట పొట్ట తెరిచినప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. ఏరియా ఆసుపత్రిలో సర్జన్‌గా చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎం.ఎస్. అవగానే అక్కడికి వెళ్లాలనుకున్నావంటే నాకు చాలా గర్వంగా ఉంది. రాత్రి డ్యూటీలంటే టెన్షన్‌గా ఉందని, అపెండిక్స్ అనుకుని తెరిస్తే లోపల ఏదో గడ్డ కనిపిస్తే ఏం చెయ్యాలో తెలియడం లేదని అన్నావట. ఆ మాటకే ఈ ఉత్తరం.

ముందు కత్తి పట్టకముందు సంగతి. నీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మామూలు జబ్బులవాళ్లే. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మాత్రలు మింగి అల్సర్ చిల్లు పడినవాళ్లు, టైఫాయిడ్‌తో చిన్న పేగుకు రంధ్రం పడినవాళ్లు, పాత ఆపరేషన్ అతుకుల వల్ల పేగు బిగుసుకున్నవాళ్లు. మూడు రోజులు ఊళ్లోనే ఇంజెక్షన్లు చేయించుకుని, పొట్ట చెక్కలా బిగిశాక వస్తారు. అలాంటి మనిషిని వెంటనే థియేటర్‌కు తోసుకుపోవద్దు. సెలైన్ ఎక్కించు, ముక్కులో గొట్టం వెయ్యి, మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలి, మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరైనా వస్తోందా చూడు. నొప్పికి మందు ఇవ్వడానికి భయపడకు. మందిస్తే జబ్బు కప్పబడిపోతుందని మాకు చదువుకునే రోజుల్లో చెప్పేవారు. అది నిజం కాదని తర్వాత తేలింది. నొప్పి తగ్గిన మనిషి పొట్ట చూడనిస్తాడు, జరిగింది సరిగ్గా చెబుతాడు.

వాంతులతో వచ్చిన ముసలమ్మకు చీర వదులు చేసి గజ్జలు తప్పకుండా చూడు. అక్కడ ఇరుక్కున్న చిన్న హెర్నియా ఎవరికీ కనబడకుండా ప్రాణం తీస్తుంది. పిల్లలు పుట్టే వయసున్న ప్రతి ఆడమనిషికీ గర్భం పరీక్ష చేయించు. పొట్ట మెత్తగా ఉన్నా మనిషి నొప్పితో మెలికలు తిరుగుతూ, నాడి తప్పుతూ కొట్టుకుంటుంటే పేగుకు రక్తం అందడం లేదేమోనని అనుమానించు. క్లోమం వాపు తెలిపే రక్తపరీక్ష లైపేజ్ చూడకుండా ఎవరి పొట్టా తెరవకు. క్లోమం వాచినవాళ్లకు మొదటి రోజుల్లో కోత పెడితే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇక అసలు సంగతి. అర్ధరాత్రి నీ పని మూడే. రక్తం ఆపాలి, కారేది ఆపాలి, అడ్డుపడింది తొలగించాలి. కణితిని పూర్తిగా నయం చేసే ఆపరేషన్ చాలాసార్లు తర్వాత, ఇంకో చోట జరుగుతుంది. ఆ అవకాశం నీ చేతుల్లో పాడవకూడదు. తెలియని గడ్డ మీద తొందరపడి పెట్టిన కత్తి ఆ మనిషికి పదేళ్ల ఆయుష్షు తగ్గించవచ్చు.

జీర్ణనాళం గోడలో పుట్టే జిస్ట్ కణితి సంగతే తీసుకో. సగానికి పైగా జీర్ణాశయంలో, మిగతావాటిలో ఎక్కువ చిన్న పేగులో వస్తాయి. రక్తం కక్కుకుంటూనో, పొట్టలో రక్తం నిండిపోయో వస్తారు. గుండ్రంగా, నున్నగా, గోడ నుంచి బయటికి వేలాడుతూ కనబడుతుంది. పండిన సీతాఫలంలా పట్టుకోవాలి దాన్ని. నొక్కితే పగులుతుంది, పగిలితే కణాలు పొట్టంతా చల్లుకుంటాయి. గోరుతో ఒలిచినట్టు ఊడదీయకు. చుట్టూ కొంచెం మంచి గోడతో కలిపి తీసేస్తే చాలు. పెద్దవాళ్లలో మామూలుగా లింఫ్ గ్రంథుల వెంట పడనక్కర్లేదు. ఈ జబ్బుకు మామూలు కీమో పెద్దగా పనిచెయ్యదు. 1998లో జపాన్‌వాళ్లు ఇందులో కిట్ జన్యువు మార్పును కనిపెట్టారు, ఆ తర్వాత ఇమాటినిబ్ మాత్ర వచ్చింది. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు మూడేళ్లు ఇస్తారు. ఆ నిర్ణయానికి కణితి ఎంత పెద్దది, ఎక్కడుంది, కణాలు ఎంత వేగంగా చీలుతున్నాయి, పగిలిందా లేదా అన్నవి కావాలి. ఆ చివరిది థియేటర్‌లో చూసిన నీకే తెలుస్తుంది.

అపెండిక్స్ తెల్లగా, లావుగా ఉబ్బి జిగురుతో నిండి ఉంటే ఇంకా జాగ్రత్త. అది చిట్లితే ఆ జిగురు పొట్టంతా పరుచుకుని, ఏళ్ల తర్వాత పొట్ట కుండలా పెరిగేలా చేస్తుంది. లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల ఆపరేషన్‌లో, నలుగుతుందనిపిస్తే మొహమాటపడకుండా తెరువు. చిట్లకుండా సంచిలో వేసి తియ్యి. బయట అప్పటికే జిగురు ఉంటే కొంత పరీక్షకు తీసి, ఎక్కడెక్కడ ఉందో రాసుకుని ఆగిపో. కుడివైపు పెద్ద పేగు తీసేద్దామన్న ఆలోచన ఆ రాత్రి వద్దు.

పెద్దవాళ్లలో పేగులోకి పేగు దూరితే, పసిపిల్లల్లోలా కాదు, లోపల ఏదో ఒక గడ్డ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. పెద్ద పేగైతే వెనక్కి లాగే ప్రయత్నం చెయ్యకుండా ఆ ముక్క తీసెయ్యి. థియేటర్‌కు ముందే పెదవులు చూడు. నల్లటి మచ్చలుంటే వంశంలో వచ్చే పాలిప్స్ (పేగు లోపలి పిలకలు) కావచ్చు, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ పిలిపించాలి.

పేగుల వెనక, వెన్నువైపు పెద్ద గడ్డ కనిపిస్తే ముట్టుకోకు, ముక్క కూడా కొయ్యకు. అది సార్కోమా (కొవ్వు, కండరం లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్) అయితే మొదటి ఆపరేషనే బాగుపడే అసలు అవకాశం. మూత్రపిండం పైన గడ్డ ఉండి, బీపీ ఎగబాకుతూ, చెమటలు పడుతుంటే బీపీ పెంచే హార్మోన్లు వదిలే కణితి ఫియోక్రోమోసైటోమా గుర్తుకు రావాలి. రక్తనాళాలను వదులు చేసే ఆల్ఫా బ్లాకర్ మొదలుపెట్టకుండా కత్తీ సూదీ రెండూ వద్దు, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ దానికంటే ముందు ఇవ్వనే వద్దు.

రోగి చల్లబడిపోతూ, రక్తం గడ్డకట్టక కారుతుంటే పేగు అతుకు వెయ్యకు. పేగు కొనను పొట్ట మీదికి తెచ్చి స్టోమాగా పెట్టి, సంచి కట్టి పడకకు పంపించు. సంచి కట్టినందుకు ఇంటివాళ్లు ఏడుస్తారు. ముందే చెప్పి ఉంటే అర్థం చేసుకుంటారు. అందుకే సంతకం పెట్టించుకునేటప్పుడే కూర్చుని వివరంగా చెప్పు. నీకు సందేహం వస్తే కడుపు తెరిచి ఉండగానే, రాత్రి రెండింటికైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

తీసిన ముక్క ఏదైనా పాథాలజీకి పోవాల్సిందే, మామూలు అపెండిక్స్ అయినా సరే. ఫార్మలిన్ ముక్కకు పదింతలు పొయ్యి, అంచులకు దారం గుర్తులు కట్టు. రిపోర్టు వచ్చేసరికి రోగి ఊరెళ్లిపోతాడు. అందుకని ఒక నోటుబుక్ పెట్టుకుని ఇంట్లో ఇద్దరి నంబర్లు రాసుకో. అపెండిక్స్ కొనలో న్యూరో ఎండోక్రైన్ కణితి (హార్మోన్లు చేసే కణాల్లో పుట్టేది) సెంటీమీటరు లోపుండి పూర్తిగా వచ్చేస్తే ఇక ఏమీ అక్కర్లేదని చెప్పు, వాళ్లకు నిద్ర పడుతుంది. రెండు సెంటీమీటర్లు దాటితే ఇంకో ఆపరేషన్ కావాలి, పిలిచి పంపించు. మధ్యలో ఉంటే క్యాన్సర్ సర్జన్‌తో మాట్లాడు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పంపినా, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపినా, డిశ్చార్జ్ కాగితంలో కణితి సైజు, చోటు, పగిలిందా, ఏమైనా మిగిలిందా అన్నీ నీ చేత్తో రాయి. పాథాలజీలో ముక్కతో చేసిన స్లైడ్లూ మైనపు బ్లాకులూ రోగి వెంటే ఇవ్వు.

ఆశీస్సులతో,
మీ మామయ్య