టెక్ సందేహాలు: గేర్‌బాక్స్‌లో రోజ్‌మిల్క్

ఎప్పుడూ ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాసేవాళ్లు ఈసారి బళ్ల మీద పడ్డారు. మూడు ఉత్తరాలూ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించే. ఇవాళ్రేపు గేర్‌బాక్స్ కూడా సగం కంప్యూటరే కాబట్టి, ఇది మన పరిధిలోదే అనుకుందాం.

డల్లాస్ నుంచి ఒక పాఠకుడు: "సర్, 2007 మోడల్ నిస్సాన్ పాత్‌ఫైండర్ ఆరు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1,40,000 మైళ్లు తిరిగింది. 45 మైళ్ల వేగంలో యాక్సిలరేటర్ కొంచెం నొక్కి ఉంచితే బండి గడగడా వణుకుతోంది. గేర్‌బాక్స్ పోయింది, జంక్‌యార్డ్ నుంచి ఇంకోటి తెచ్చి వేస్తానని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?"

తొందరపడకండి. రాత్రంతా బండి ఆపి ఉంచి, పొద్దున్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం దాని జోలికి పోవద్దు, మొహం కాలుతుంది. లోపల కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, తేటగా ఉండాలి. దానికి బదులు గులాబీ రంగులో, చిక్కగా, మన రాజమండ్రి రోజ్‌మిల్క్‌లా కనిపించిందా? అయితే గేర్‌బాక్స్‌ని చంపింది రేడియేటర్.

సంగతేంటంటే, గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే చిన్న కూలర్ ఈ బండిలో రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. దాని లోపల ఆయిల్, చుట్టూ కూలెంట్. మధ్యలో ఉన్న పల్చటి లోహం పగిలితే రెండూ కలిసిపోతాయి. 2005 నుంచి 2010 దాకా వచ్చిన పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్ బళ్లకి ఇది పేరుమోసిన జబ్బు. అమెరికాలో దీన్ని స్ట్రాబెరీ మిల్క్‌షేక్ అంటారు. కంపెనీ మొదట ఈ రేడియేటర్ వారంటీని 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లకి పెంచింది. తర్వాత ఓనర్లు కోర్టుకెళ్తే, రాజీలో భాగంగా కొంత ఖర్చు ఓనరే పెట్టుకునే షరతు మీద 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల దాకా వచ్చింది. మీ బండికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

కూలెంట్ కలిస్తే అంత నష్టమేంటి, ఆయిల్ మార్చేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. గేర్‌బాక్స్‌లోని క్లచ్ ప్లేట్ల మీద ఉండే రాపిడి పొరని స్టీలుకి జిగురుతో అతికిస్తారు. కూలెంట్‌లోని గ్లైకాల్ అనే రసాయనం, నీళ్లు ఆ జిగురుని వదులు చేస్తాయి. పొర పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. మీకు వణుకు తెలిసేసరికే లోపల పని సగం అయిపోయి ఉంటుంది. పైగా ఈ 5 గేర్ల ట్రాన్స్‌మిషన్‌ని నడిపించే కంప్యూటర్ కూడా గేర్‌బాక్స్ లోపలే, ఆయిల్‌లో మునిగి ఉంటుంది. ఆ ఆయిల్‌లోకి నీళ్లు రావడం ఆ సర్క్యూట్‌కీ మంచిది కాదు.

ఇక్కడో మెలిక ఉంది. కూలెంట్ తేటగా ఉన్నంత మాత్రాన బండి క్షేమమని కాదు. పాత ఓనర్ సంగతి తెలిసి, రేడియేటర్ మాత్రం మార్పించి మీకు అమ్మేసి ఉండొచ్చు. 2007 బండిలో రేడియేటర్ ఒక్కటే తళతళలాడుతుంటే నాకైతే అనుమానమే. రెండు చుక్కల గేర్‌బాక్స్ ఆయిల్ తెల్ల టిష్యూ మీద వేసి చూడండి. ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. ముదురు గోధుమ రంగులో మాడు వాసన వేస్తే క్లచ్‌లు కాలుతున్నాయని. పాలు కలిసినట్టు ఉంటే చెప్పక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే, ఆయిల్ శాంపిల్ పంపితే గ్లైకాల్ ఉందో లేదో చెప్పే ల్యాబులు అక్కడ ఉన్నాయి. వేల డాలర్ల గేర్‌బాక్స్‌తో పోలిస్తే ఆ ఖర్చు ఎంత?

ఒకవేళ మార్చాల్సిందే అని తేలితే, జంక్‌యార్డ్ గేర్‌బాక్స్ వద్దని నేను అనను. కానీ అది కూడా ఇదే కాలపు పాత్‌ఫైండర్ నుంచే వస్తుంది కదా, దానికీ ఇదే జబ్బు ఉండొచ్చు. డబ్బులు కట్టకముందే దాని డ్రెయిన్ ప్లగ్ విప్పించి ఆయిల్ చూపించమనండి. చూపించనంటే ఇంకో యార్డు చూసుకోండి. బండిని ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకునే ఉద్దేశమైతే మాత్రం, పూర్తిగా విప్పి కొత్త క్లచ్‌లు, సీళ్లు వేసి వారంటీతో ఇచ్చేది తీసుకోండి. పాతది వేయించి అదీ పోతే, దించి ఎక్కించే కూలి రెండోసారి కట్టాలి. నొప్పంతా అక్కడే.

బిగించేటప్పుడు మెకానిక్‌ని మూడు విషయాలు అడగండి. మొదటిది, కొత్త రేడియేటర్ వేస్తున్నాడా లేదా. పాత రేడియేటర్‌కే కొత్త గేర్‌బాక్స్ తగిలిస్తే కొన్నాళ్లకి మళ్లీ రోజ్‌మిల్కే. కూలర్ గొట్టాల్లో మిగిలిన పాత చెత్తని కూడా కడిగించాలి. రెండోది టార్క్ కన్వర్టర్. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే ఈ ముక్క గుండ్రంగా, గుమ్మడికాయంత ఉండి గేర్‌బాక్స్ ముందు భాగంలో కూర్చుంటుంది. దాన్ని చేత్తో తిప్పుతూ లోపలికి నెడితే టక్ టక్ మని మెట్లు మెట్లుగా దిగుతుంది. పూర్తిగా దిగకముందే గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి ఆనించి, మిగిలిన సందుని బోల్టులతో లాగి మూసేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే స్టార్ట్ చేయకముందే లోపలి పంప్ విరుగుతుంది. అసలు పద్ధతి, బోల్టులు పెట్టకముందే రెండూ చేత్తో నెడితే కలవాలి.

మూడోది సాఫ్ట్‌వేర్. క్లచ్‌లు అరిగేకొద్దీ ఎంత ప్రెషర్ ఇవ్వాలో గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకుంటూ పోతుంది. వేరే బండిలో నేర్చుకున్న ఆ లెక్కలు మీ బండికి పనికిరావు. బండి కంప్యూటర్‌ని చదివే స్కాన్ టూల్‌తో అవి చెరిపి, మళ్లీ నేర్చుకునేలా చేయించాలి. మొదటి కొన్ని రోజులు గేర్లు కాస్త మొరటుగా పడితే కంగారు పడకండి. ఆయిల్ మాత్రం కంపెనీ చెప్పిన రకమే పోయించండి. లెవెల్ చల్లటి ఆయిల్‌తో కాకుండా, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ 65 డిగ్రీల సెల్సియస్‌కి వచ్చాక చూడాలి.

ఇంత ఖర్చుకి బండి విలువ ఉందా అన్నది మీ ఇష్టం. టెక్సాస్ బండి కాబట్టి కింద ఫ్రేమ్ పెద్దగా తుప్పు పట్టి ఉండకపోవచ్చు, అందుకే ఇంతసేపు చెప్పాను. ఇదే ప్రశ్న మంచు, ఉప్పు రోడ్లున్న న్యూజెర్సీ నుంచి వస్తే ముందు బండి కింద పడుకుని చూసి రమ్మనేవాణ్ణి.

హైదరాబాద్ నుంచి ఇంకొకరు: "2016 ఎక్స్‌యూవీ500 ఆటోమేటిక్. 95,000 కిలోమీటర్లు. గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్ అట, ముట్టుకుంటేనే గేర్‌బాక్స్ పోతుందని షెడ్డులో భయపెడుతున్నారు. నిజమేనా?"

ఎవరి లైఫ్‌టైమ్ అని అడగాల్సింది! వేడికి ఏ ఆయిలైనా చెడుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటల తరబడి పాకే బండికి ఇంకా తొందరగా. ఇక ముట్టుకుంటే పోతుందన్న మాట ఎలా పుట్టిందంటే, మనవాళ్లు గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ మార్పిస్తారు. అప్పటికే చావుకి సిద్ధంగా ఉన్న గేర్‌బాక్స్ తర్వాత వారం పోతుంది, నేరం కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీ బండిలో ఉన్నది ఐసిన్ తయారీ 6 గేర్ల పెట్టె, గట్టిదే. గేర్లు సాఫీగా పడుతున్నాయి కాబట్టి ఇప్పుడే మార్పించండి. మెషిన్ పెట్టి ఒత్తిడితో కడిగే పద్ధతి వద్దు. మామూలుగా కింది నుంచి తీసి, ఎంత తీశారో కొలిచి అంతే కొత్త ఆయిల్ పోయించండి.

ఒక్కసారికి మొత్తం రాదు, టార్క్ కన్వర్టర్‌లో చాలా ఆయిల్ ఉండిపోతుంది. ఉదాహరణకి 10 లీటర్ల పెట్టెలో ప్రతిసారీ 4 లీటర్లు మారుస్తారనుకోండి. మొదటిసారికి 60 శాతం పాతది మిగులుతుంది, రెండోసారికి 36, మూడోసారికి దాదాపు 22. అందుకని కొన్ని వేల కిలోమీటర్ల ఎడంతో రెండు మూడు సార్లు చేయిస్తే చాలు. ఆయిల్ రకం మాన్యువల్‌లో రాసిందే. "సార్, ఇదీ అదే క్వాలిటీ" అనే డబ్బా వద్దు.

విజయవాడ పాఠకురాలి ప్రశ్న చిన్నది: "ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఓబీడీ బ్లూటూత్ ముక్క పెట్టి గేర్‌బాక్స్ వేడి ఫోన్‌లో చూడొచ్చా?"

కొన్ని బళ్లలోనే, అమ్మా. ఓబీడీ అంటే బండి కంప్యూటర్ చెప్పే వివరాలు చదవడానికి ఉండే సాకెట్, ఈ ముక్కని అందులో గుచ్చుతారు. ఇంజిన్ కూలెంట్ వేడి లాంటివి అన్ని బళ్లూ ఒకే కోడ్‌లో చెబుతాయి. గేర్‌బాక్స్ వేడిని మాత్రం ఒక్కో కంపెనీ తన సొంత కోడ్‌లో దాస్తుంది. మీ మోడల్ కోడ్ యాప్‌లో ఉంటేనే అంకె కనిపిస్తుంది. కనిపిస్తే, 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే టెన్షన్ అక్కర్లేదు. ఘాట్ రోడ్డులో 120 దాటితే పక్కకి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ ఆపకుండా కాసేపు వదిలేయండి. మరీ చవక రకం అడాప్టర్లు సగం ఆదేశాలకి జవాబివ్వవు, అంకె రాకపోతే బండిని అనుమానించకండి. ఐఫోన్ అయితే పాత బ్లూటూత్ రకం కలవదు, వైఫై లేదా బ్లూటూత్ ఎల్‌ఈ అని రాసి ఉన్నది కొనండి. బండి వారం రోజులు కదలదనుకుంటే దాన్ని పీకేయండి, బ్యాటరీ తాగేస్తుంది.