పొగగొట్టం లేని సంస్థలూ కాలుష్యం చేస్తాయా?

"ఆసుపత్రులు, బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసులు ఏ సరుకూ తయారు చేయవు కదా, వాటివల్ల పర్యావరణానికి నష్టం ఏముంటుంది?" అని అడిగారు. నేను ఒక పెద్ద ఆసుపత్రిలో ఏసీలు, కరెంటు, గ్యాస్ లైన్ల మెయింటెనెన్స్ చూస్తాను. నష్టం ఉంది, బాగానే ఉంది. ప్రపంచంలో వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో వైద్య రంగానిది సుమారు 5 శాతం.

ఆపరేషన్ థియేటర్‌నే తీసుకోండి. లోపలి గాలి గంటకు దాదాపు 20 సార్లు మారాలి. రోగి బల్ల మీద ఉన్నప్పుడు అది తప్పదు. కానీ రాత్రి లైట్లు ఆర్పి అందరూ వెళ్లిపోయాక కూడా ఏసీ బ్లోయర్ అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ఎమర్జెన్సీ థియేటర్‌ని కదపకుండా, మిగతావాటిలో గాలి పీడనం పడిపోకుండా చూసుకుంటూ రాత్రిపూట వేగం తగ్గించాం. బ్లోయర్ వేగం సగానికి తగ్గితే అది లాగే కరెంటు ఎనిమిదో వంతుకు దగ్గరగా పడిపోతుంది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వాళ్ల భయం న్యాయమైనదే, అందుకే ప్రతి మార్పూ వాళ్ల ముందే కొలిచి చూపించాం.

కంటికి కనిపించనిది ఇంకొకటుంది, మత్తు గ్యాస్. డెస్‌ఫ్లూరేన్ అనే మత్తుమందు భూమిని వేడెక్కించే శక్తి, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 2,500 రెట్ల వరకు ఉంటుంది. రోగి పీల్చిన మందు దాదాపు అంతా ఊపిరితో తిరిగొచ్చి పైపు గుండా ఆకాశంలోకి పోతుంది. యూరోపియన్ యూనియన్ 2026 జనవరి నుంచి, వేరే దారి లేనప్పుడు తప్ప దీన్ని వాడకూడదంది. నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో మత్తు గ్యాస్‌ది మరో బాధ. గోడల్లోని పాత పైపులైన్ల జాయింట్ల దగ్గర లీకై, రోగికి చేరకుండానే పోతుంటుంది. మత్తు డాక్టర్లు రాసిన వాడకాన్ని, ఖాళీ అయిన సిలిండర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

అయితే వైద్య రంగం భారంలో సగానికి పైగా ఆసుపత్రి గోడల బయటే పుడుతుంది. మందులు, గ్లౌజులు, ఒక్కసారి వాడి పారేసే పరికరాలు ఎక్కడో తయారై వస్తాయి కదా. ప్రభుత్వ ఆఫీసులదీ అదే లెక్క. కాగితం, కంప్యూటర్లు, ఫర్నిచర్ అన్నీ టెండర్ల మీదే వస్తాయి. అక్కడ కొన్న ధర ఒక్కటే చూస్తారు, వస్తువు ఎన్నేళ్లు పనిచేస్తుంది, రిపేరు అవుతుందా అని అడగరు. నాకు అన్నిటికంటే బాధగా ఉండేది ఇదే.

మీరూ ఆఫీసులో పనిచేస్తుంటే ముందు అర్ధరాత్రి మీటర్ రీడింగ్ అడిగి తీసుకోండి. ఎవరూ లేనప్పుడు ఎంత కాలుతోందో తేలితే, ఏవి ఆపొచ్చో మీ ఎలక్ట్రీషియనే చెప్తాడు.