చేప అద్దం వెంట ఆగకుండా తిరుగుతుంటే: ఏ వేళ, ఏ వైపు అన్నది ముందు చూడండి

మీరు అడిగింది ఇదీ: వారం క్రితం తెచ్చిన గురామి చేప నాలుగు రోజులుగా ఒక పక్క అద్దాన్నే పట్టుకుని పైకీ కిందికీ తిరుగుతోంది, తిండి మీద ధ్యాస లేదు, ట్యాంకులో నీళ్ళన్నీ తీసేసి కొత్తవి పోస్తే కుదుటపడుతుందా అని.

పోయకండి. కనీసం ఇవాళ పోయకండి. సరిగ్గా ఆ పనే చేసి నేను చేతులు కాల్చుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాదీ గురామే. పెర్ల్ గురామి, మగది. రెండడుగుల ట్యాంకులో ఎనిమిది నియాన్ టెట్రా అనే చిన్న చేపలతో కలిసి ఉండేది. మూడు నెలలు ఏ గొడవా లేదు. ఒక రోజు ఉన్నట్టుండి కుడిపక్క అద్దం దగ్గర కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. ముక్కు అద్దానికి ఆనించి పైదాకా వెళ్తుంది, గిరుక్కున తిరిగి కిందికి వస్తుంది, మళ్ళీ పైకి. గంటసేపు చూశాను, ఆగలేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. నీళ్ళు పాడై ఉంటాయనుకున్నాను. నీళ్ళు పరీక్షించే టెస్ట్ కిట్ ఇంట్లోనే ఉంది, కానీ తీయలేదు. ముప్పావు వంతు నీళ్ళు తోడేశాను. ఎలాగూ చెయ్యి పెట్టాను కదా అని ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేదాకా పిండాను. రాళ్ళూ మొక్కలూ కూడా అటుదిటు మార్చేశాను.

మూడో రోజుకల్లా టెట్రాలు పైకి వచ్చి నీటి అంచున నోళ్ళు తెరుస్తున్నాయి. గురామి కూడా పైకి వస్తోంది గానీ దాన్ని బట్టి ఏమీ తెలియదు, ఆ జాతి చేపలు మామూలుగానే పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. టెట్రాలు అలా చేయవు. అప్పుడు టెస్ట్ చేస్తే అమోనియా లీటరుకు ఒక మిల్లీగ్రాము చూపించింది. సున్నా ఉండాల్సిన చోట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చంగా అదే. రెండు టెట్రాలు పోయాయి.

జరిగిందేమిటంటే, చేపల విసర్జనల నుంచీ మిగిలిన తిండి నుంచీ వచ్చే అమోనియాను కొన్ని రకాల బాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషమే, నైట్రేట్ మరీ పెరిగితే తప్ప పెద్దగా హాని చేయదు. ఆ బాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండవు. ఎక్కువ భాగం స్పాంజికి అంటుకుని ఉంటాయి. నేను క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళతో వాటిని కడిగి పారేశాను. స్పాంజి మురికిగా ఉంటే, ట్యాంకులోంచి తీసిన నీళ్ళనే ఒక బకెట్లో పోసుకుని అందులో రెండుసార్లు పిండి పెట్టేయాలి. మురికిగా కనిపించినా ఫరవాలేదు.

సరే, ఆ తర్వాత రెండు వారాలు రోజూ పావు వంతు నీళ్ళు మారుస్తూ, తిండి సగానికి తగ్గించి ఎలాగో గట్టెక్కాను. కానీ అసలు సంగతి అలాగే ఉంది. గురామి అద్దం వెంట తిరగడం మానలేదు.

దాని గుట్టు విప్పింది మా అమ్మ. "పగలంతా బానే ఉంటుందిరా అది. నువ్వు ఆఫీసు నుంచి వచ్చాకే మొదలుపెడుతుంది" అంది. మొదట నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, నేను వచ్చాక చేసే పని ఒకటుంది. హాల్లో లైట్లన్నీ ఆపేసి, ట్యాంకు లైటు ఒక్కటే వేసుకుని చూస్తూ కూర్చుంటాను. రాత్రిపూట బస్సు లోపల లైటు వేస్తే కిటికీలో బయటి రోడ్డు బదులు మన మొహమే కనబడుతుంది కదా, ట్యాంకు లోపల ఉన్న చేపకూ అంతే. అద్దంలో దానికి ఇంకో మగ గురామి కనబడుతోంది. మగ గురామిలు తమ చోటులోకి ఇంకో మగదాన్ని రానివ్వవు. ఇది ముందుకెళ్తే అదీ వస్తుంది, ఇది తిరిగితే అదీ తిరుగుతుంది. ఎంతకీ ఓడిపోని శత్రువు.

ఆ రాత్రి హాల్లో లైటు వేసి, ట్యాంకు లైటు ఆపాను. పది నిమిషాల్లో మొక్కల్లోకి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా చేశాను, మీరు చేయకండి. ప్రతిబింబం పోవాలని ఆ పక్క బయటివైపు నల్ల చార్టు అంటించాను. ఇంకా ఎక్కువైంది. అద్దం వెనక నలుపు ఉంటే ప్రతిబింబం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. లేత రంగు కాగితం అయితే లోపలి వెలుగు దాని మీద పడి తిరిగొస్తుంది కాబట్టి ప్రతిబింబం పలచబడుతుంది. అయితే కాగితం కూడా సగం మందే. చేప అద్దాన్ని ఎదురుగా కాకుండా బాగా ఏటవాలుగా, సుమారు 49 డిగ్రీలు దాటిన కోణంలో చూస్తే, బయట ఏమున్నా లేకపోయినా అది మనం మొహం చూసుకునే అద్దంలాగే పనిచేస్తుంది. కాబట్టి అడ్డు లోపలే ఉండాలి. నేను ఆ పక్కన వాలిస్నేరియా అనే పొడవాటి ఆకుల నీటి మొక్కను గుబురుగా నాటాను, పైన తేలే మొక్కలు కొన్ని వేశాను. గురామిలు నెమ్మదిగా పారే, మొక్కలు దట్టంగా ఉండే నీళ్ళలో పుట్టిన జాతి. తల మీద కాస్త నీడ ఉంటే వాటికి ధైర్యం. అసలు నా చేపకు ఎక్కువ పనిచేసింది ఈ పైనుండే మొక్కలేనని నా నమ్మకం.

ఇక మీ సంగతి. మీది కొత్త చేప కాబట్టి ప్రతిబింబం దాకా పోయేముందు నీళ్ళు టెస్ట్ చేయండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు. చుక్కల మందు వేసి రంగు చూసే కిట్ అయితే మంచిది. ట్యాంకు పెట్టి నెల కూడా కాకపోతే దాదాపుగా దొంగ ఇక్కడే దొరుకుతాడు, ఆ బాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రెండిట్లో ఏది కనబడినా పావు వంతు నీళ్ళు మార్చండి, మర్నాడు మళ్ళీ చూడండి. పోసే నీళ్ళు ట్యాంకు నీళ్ళంత వెచ్చగా ఉండాలి, క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి. ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది నిజమే, కానీ నీటి సరఫరాలో క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడే చోట అది అంత తేలిగ్గా పోదు. మందే నయం.

థర్మామీటరు కూడా విడిగా ఒకటి పెట్టి చూడండి. హీటర్ మీద ఉన్న అంకెను నమ్మకండి. గురామికి 24 నుంచి 27 డిగ్రీలు సరిపోతాయి.

నీళ్ళు బాగానే ఉంటే, అప్పుడు మా అమ్మ చేసిన పని చేయండి. రెండు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి, ఏ వేళప్పుడు తిరుగుతోంది, ఏ అద్దం దగ్గర, అప్పుడు గదిలో ఏముంది. లైటు వెలిగినప్పుడేనా? ఫిల్టర్ నీళ్ళు పడే వైపేనా? అలా అయితే ఆ ధారను అద్దం వైపు తిప్పితే వేగం చచ్చిపోతుంది. తలుపు ధడేల్మని పడే పక్కనా, స్పీకరు ఉన్న పక్కనా? చేపలకు ఒంటి పక్కన పొడవునా ఉండే గీత నీటి కదలికల్నీ అదుర్లనూ పసిగడుతుంది, మనం పట్టించుకోని చప్పుడు వాటికి తగులుతూనే ఉంటుంది. మిమ్మల్ని చూడగానే ముందు అద్దం దగ్గరికొచ్చి గంతులేస్తే మాత్రం అది తిండి కోసం, దానికి వైద్యం అక్కర్లేదు.

ఏ వేళా లేదు, ఏ వైపూ లేదు, రోజంతా అన్ని వైపులా తిరుగుతోందంటే కొత్త చోటు బెదురు అయ్యుండొచ్చు. ఒక రోజంతా ట్యాంకు లైటు ఆపేయండి, ముందు అద్దానికి ఒక గుడ్డ కప్పండి, దాక్కోవడానికి చోటు ఉందో లేదో చూడండి. ఆ రోజు తిండి వేయకపోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు ఏమీ కాదు. తినకుండా మిగిలిన తిండే ఎక్కువ హాని. నేను చూసినంతలో కొత్తవి వారం పది రోజుల్లో సర్దుకుంటాయి.

మీ దగ్గర ఇంకేం చేపలున్నాయో రాయలేదు. రెండో మగ గురామి ఉంటే తరుముతోందేమో గమనించండి. టెట్రాలు, కోరిడోరాస్ లాంటి గుంపుగా బతికే చేపలు ఒకటీ రెండూ ఉంటే అవీ ఇలాగే తిరుగుతాయి, వాటికి తోడు కావాలి, కనీసం ఆరు. సిల్వర్ షార్క్ లాంటిది ఉంటే మాత్రం నిష్ఠూరంగానే చెప్తాను, వేలెడంత ఉన్నప్పుడు అమ్ముతారు గానీ అది అడుగు పొడవు పెరుగుతుంది. రెండడుగుల ట్యాంకులో దాన్ని ఏ మొక్కా ఏ మందూ శాంతపరచలేదు, పెద్ద ట్యాంకు ఉన్నవాళ్ళకు ఇచ్చేయడమే.

ఏం చేసినా ఒక్కోసారి ఒక్కటే మార్చండి, రెండు రోజులు ఆగండి. నాలాగా అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. "స్ట్రెస్ తగ్గించే" మందులు, ఉప్పు ఇవేవీ ఇప్పుడు వేయకండి. రెక్కలు ఒంటికి ముడుచుకోవడం, రంగు వెలిసిపోవడం, ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు, రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవడం, ఇలాంటివి కనబడితే అప్పుడు అది జబ్బు. ఆ కథ వేరు, వెంటనే రాయండి.

టెస్ట్ చేశాక మూడు అంకెలూ, ట్యాంకు ఎన్ని లీటర్లో, పెట్టి ఎన్నాళ్ళైందో ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తాను.