వీడియోలు చూసి ఇష్టపడిందా, లెక్క చేసి ఇష్టపడిందా?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తాను. మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. అందరిలా సీఎస్ఈలో చేరుతుందనుకుంటే, "న్యూక్లియర్ ఫిజిక్స్, పార్టికల్ ఫిజిక్స్ చదువుతాను నాన్నా" అని పట్టుబట్టి కూర్చుంది. రాత్రిళ్లు ఫోన్‌లో అవే వీడియోలు. మా బావగారేమో రేడియేషన్ మధ్య ఆడపిల్లకి ఉద్యోగమేంటి, రేపు సంబంధాలు వస్తాయా అంటున్నారు. అసలు ఈ సబ్జెక్టులో ఏముంటుంది? ఉద్యోగాలున్నాయా? ఈఏపీసెట్ మాన్పించేయాలా? మా ఇంట్లో నెల రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: నమస్కారం అండీ. ఈఏపీసెట్ మాత్రం మాన్పించకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట 'వీడియోలు'. నా దగ్గరికి ఏటా ఇలాంటి పిల్లలు వస్తూనే ఉంటారు. 2012లో యూరప్‌లోని కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో దొరికిన హిగ్స్ బోసాన్ అనే కణం గురించి, మన పేపర్లు దైవకణం అని పేరు పెట్టాయి చూడండి, దాని గురించి గంటసేపు చెప్పగలరు. హైడ్రోజన్ మీద చిన్న లెక్క ఇస్తే మాత్రం పెన్ను కదలదు. వాళ్ల తప్పని కాదు. పరమాణువులు, కేంద్రకాలు అనే రెండు పాఠాలు సెకండియర్ ఫిజిక్స్‌లో చివరి వైపున ఉంటాయి. వాటి వంతు వచ్చేసరికి సిలబస్ తరుముకొస్తుంటుంది. ఫార్ములాలు బోర్డు మీద రాసి, వచ్చే బిట్లు చెప్పి, అయిందనిపించేస్తారు. అందుకని ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఒక సాయంత్రం ఫోన్ పక్కన పెట్టించి, తెల్లకాగితం, క్యాలిక్యులేటర్ ఇచ్చి మీ పాపని కూర్చోబెట్టండి. ఇక్కడి నుంచి కాసేపు తనతోనే మాట్లాడతాను.

చూడమ్మా, మొదటిది పరమాణువు. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగిందనుకో. మూడో స్థాయి శక్తి మైనస్ 1.51 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోది మైనస్ 3.40. తేడా 1.89. ఆ తేడా వెలుగుగా బయటికొస్తుంది. శక్తిని తరంగదైర్ఘ్యంగా మార్చే సంఖ్య 1240, దాన్ని 1.89తో భాగించు. 656 వస్తుంది. అది ఆ వెలుగు తరంగదైర్ఘ్యం, నానోమీటర్లలో. అంటే ఎరుపు. ఎల్ఈడీలు రాకముందు మన రోడ్ల మీద పసుపుగా వెలిగిన సోడియం దీపాలదీ ఇదే సంగతి, అక్కడ 589. లేజర్లు, అటామిక్ గడియారాలు అన్నీ ఇలా ఎలక్ట్రాన్లు మెట్లెక్కడం, దిగడం మీదే నడుస్తాయి. అటామిక్ ఫిజిక్స్ అంటే ముఖ్యంగా ఇదే.

రెండోది కేంద్రకం. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు విడివిడిగా తూచితే మొత్తం 4.0319 యూనిట్లు. అవే నాలుగూ కలిసి హీలియం కేంద్రకం అయ్యాక 4.0015. కిరాణా కొట్లో నాలుగు పొట్లాలు విడిగా తూయించి, ఒకే సంచిలో వేసి మళ్లీ తూస్తే తగ్గిందనుకో, కొట్టువాడితో గొడవ పెట్టుకుంటాం. ఇక్కడ తగ్గింది శక్తిగా బయటికి పోయింది. తగ్గిన 0.0304ని, ద్రవ్యరాశిని శక్తిగా మార్చే సంఖ్య 931.5తో గుణించు. 28.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఇప్పుడు దీన్ని ఇందాకటి 1.89తో భాగించి చూడు. సుమారు కోటిన్నర రెట్లు! బొగ్గు మండటం ఎలక్ట్రాన్ల వ్యవహారం, రియాక్టర్ కేంద్రకాల వ్యవహారం. మీ పక్కనే పరవాడలో ఉన్న సింహాద్రి థర్మల్ ప్లాంటుకి రైళ్లకి రైళ్లు బొగ్గు ఎందుకు కావాలో, అణు రియాక్టర్‌కి అన్ని రైళ్లు ఎందుకు అక్కర్లేదో ఈ ఒక్క భాగహారంలో ఉంది.

మూడోది కణాలు. ప్రోటాన్ లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలుంటాయి, రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. వాటి సొంత ద్రవ్యరాశులు మూడూ కూడితే ప్రోటాన్ ద్రవ్యరాశిలో నూటికి ఒక వంతు. హీలియంలో కలిస్తే తగ్గింది కదా, మరి ఇక్కడ కలిస్తే వంద రెట్లు పెరిగిందేంటి? క్వార్కుల కదలిక, వాటిని కట్టిపడేసే గ్లూఆన్ల శక్తి అని జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు గానీ, అది పూర్తిగా అర్థం కావడానికి ఎమ్మెస్సీ దాటాలి. ఈ తిరకాసు చూసి నీ చెయ్యి ఆగిందా, లేక పేజీ తిప్పేశావా? నాకు కావలసింది అదొక్కటే.

ఇక మీతో. లెక్కలు తప్పుపోయినా ఫర్వాలేదు. తప్పు ఎక్కడ వచ్చిందో వెతుక్కుంటూ భోజనానికి ఆలస్యంగా వచ్చిందంటే ఈ దారి గురించి గట్టిగా ఆలోచించండి. పది నిమిషాలకే ఫోన్ అడిగిందంటే తనకి ఫిజిక్స్ కథలంటే ఇష్టం, ఫిజిక్స్ కాదు. కథలు ఇష్టపడుతూ వేరే ఏ ఉద్యోగమైనా హాయిగా చేసుకోవచ్చు.

ఎందుకంటే ఈ రంగంలో రోజువారీ పని ఇలాగే ఉంటుంది. నా సంగతే చెబుతాను. ఎమ్మెస్సీ ల్యాబ్‌లో రేడియేషన్‌ని లెక్కపెట్టే గైగర్ కౌంటర్ ముందు చిన్న రేడియోధార్మిక సోర్స్ పెట్టి, దూరం పెంచుతూ కౌంట్లు రాయాలి. దూరం రెట్టింపు చేస్తే కౌంట్ నాలుగో వంతు కావాలి. నాకు నిమిషానికి 430 ఉన్నది 130 అయింది. 107 దగ్గర రావాలి. స్కేలు మార్చాను, స్టాప్‌వాచ్ మార్చాను, రెండు రోజులు పోయాయి. మూడో రోజు మా సార్ వచ్చి సోర్స్ తీసి సీసపు డబ్బాలో పెట్టేసి, ఖాళీ కౌంటర్‌ని ఒక నిమిషం నడిపారు. టిక్కు టిక్కుమంటూ 30! సోర్స్ లేకుండానే. ఆ 30 తీసేస్తే 400, 100. సరిగ్గా నాలుగో వంతు. బ్యాక్‌గ్రౌండ్ తీసేయాలన్నది పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. చదివాను కూడా.

మీ బావగారికి ఆ 30 టిక్కుల సంగతే చెప్పండి. అవి గోడల్లోంచి, నేలలోంచి, ఆకాశంలోంచి వస్తాయి. పైనుంచి వచ్చే మ్యువాన్ అనే కణాలు సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకి నిమిషానికి సుమారు ఒకటి పడుతుంటాయి. అంటే మీరిది చదువుతున్నంతసేపూ మీ అరచేతిలోంచి దూరిపోతూనే ఉన్నాయి. మన భీమిలి తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంటుంది. ప్రపంచ సగటున మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే యూనిట్) రేడియేషన్ అందుతుంది. రేడియేషన్‌తో పనిచేసేవాళ్లకి మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఛాతీ మీద టీఎల్డీ బ్యాడ్జి పెట్టుకుంటారు, దాన్ని క్రమం తప్పకుండా పంపి ఎంత పడిందో కొలిపిస్తారు. గర్భిణులకి ఇంకా కఠినమైన నియమాలున్నాయి. జాగ్రత్త అక్కర్లేదని నేననను. కొలిచే ప్రమాదం ఇది. పైగా ఫిజిక్స్ చదివినవాళ్లలో చాలామంది సోర్స్ దగ్గరికే వెళ్లరు, కంప్యూటర్ ముందే ఉంటారు.

ఇక ఉద్యోగాలు. ఇక్కడ మీ పాప కలిపి చెప్పిన రెండు పేర్లనీ విడదీయాలి.

పార్టికల్ ఫిజిక్స్ అంటే పరిశోధన తప్ప వేరే ఉద్యోగం దాదాపు లేదు. ఎమ్మెస్సీ, ఐదారేళ్ల పీహెచ్‌డీ, ఆ తర్వాత ఒకటి రెండు పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది, అదీ వస్తే. భారత్ 2017లో సెర్న్‌లో అసోసియేట్ సభ్యురాలయింది, మన సంస్థల వాళ్లు అక్కడి ప్రయోగాల్లో పనిచేస్తున్నారు. నిజమే. కానీ పోస్టులు తక్కువ. ఒక ఊరట ఏంటంటే, ఆ పనిలో ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ ఎంత వంటబడతాయంటే, మధ్యలో వదిలేసినా డేటా ఉద్యోగాల్లో ఇమిడిపోతారు.

న్యూక్లియర్ వైపు అలా కాదు. భాభా అణు పరిశోధన కేంద్రం ట్రైనింగ్ స్కూల్ 1957 నుంచి నడుస్తోంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో 60 శాతం ఉండి, రాతపరీక్ష లేదా గేట్ స్కోరుతో ఇంటర్వ్యూ దాటితే ఏడాది శిక్షణ, ఆపైన సైంటిఫిక్ ఆఫీసర్. ఆ సంస్థకి మన అచ్యుతాపురం దగ్గర కూడా క్యాంపస్ ఉంది. ఇంకో దారి మీ ఇంటికి మరీ దగ్గర. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది కదా. అలాంటి చోట రేడియోథెరపీ మిషన్ రోజూ పొద్దున్నే సరిచూసేది, రోగికి ఎంత డోసు ఏ కోణంలో పడాలో లెక్కగట్టేది మెడికల్ ఫిజిసిస్టు. డాక్టర్ కాదు, ఫిజిక్స్ మనిషి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత రేడియాలజికల్ ఫిజిక్స్ డిప్లొమా, దాని తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్ కావాలి. నన్నడిగితే ఈ సబ్జెక్టు ఇష్టమై, ఇంటికి దగ్గరగా ఉండాలనుకునే పిల్లలకి ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు. ఎందుకో ఎవరూ దీని గురించి అడగరు.

ఇండస్ట్రీ వైపు మీకే తెలిసుంటుంది. షిప్‌యార్డుల్లో, రిఫైనరీల్లో వెల్డింగ్ లోపలి పగుళ్లు చూడటానికి ఇరిడియం-192 వాడతారు. దాని అర్ధాయువు సుమారు 74 రోజులు, అంటే రెండున్నర నెలలకి సగం బలం పోతుంది. ఈ తనిఖీ చేసే ఎన్‌డీటీ వాళ్లని అడిగితే పాత సోర్స్‌తో ఫొటో తీయడానికి ఎంతసేపు పడుతుందో కథలు కథలుగా చెబుతారు.

ఎక్కడ చదవాలి? మొదటి ఎంపిక నెస్ట్. ఆ ప్రవేశ పరీక్షతో భువనేశ్వర్‌లోని నైసర్ అనే సైన్స్ సంస్థలో గానీ, ముంబైలో అణుశక్తి శాఖ, ముంబై విశ్వవిద్యాలయం కలిసి నడిపే కేంద్రంలో గానీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ చేయొచ్చు. భువనేశ్వర్ అంటే మనకి హైదరాబాద్ కంటే దగ్గరే. రెండోది తిరుపతిలోని ఐసర్ అనే సైన్స్ సంస్థ. ఇవి రాకపోతే ఇక్కడే డిగ్రీలో ఫిజిక్స్ మేజర్ చేసి, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షల్లో జామ్ రాసి ఐఐటీకో, పీజీసెట్ రాసి ఆంధ్ర విశ్వవిద్యాలయానికో వెళ్లొచ్చు. మన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ న్యూక్లియర్ ఫిజిక్స్ ప్రత్యేకంగా ఉంది. దానికి పునాది వేసింది స్వామి జ్ఞానానంద. భీమవరం వైపు మనిషి, హిమాలయాల్లో తపస్సు చేసిన యోగి. ఆయనే తర్వాత యూరప్ వెళ్లి, న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పరిశోధన చేసి, 1950ల్లో విశాఖ వచ్చారు. కెరీర్ ప్లానింగ్ అంటూ నేను గీసే చార్టుల్లో ఏ గడిలోనూ ఇమడని జీవితం!

ఈఏపీసెట్ ఎందుకు మానొద్దన్నానంటే, ఇందాక చెప్పిన ట్రైనింగ్ స్కూల్ ఎమ్మెస్సీ వాళ్లతో పాటు ఇంజినీర్లనీ తీసుకుంటుంది. మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్ వాళ్లకి ఆ తలుపూ తెరిచే ఉంటుంది, గేట్ స్కోరుతో అణు విద్యుత్ కార్పొరేషన్ తలుపూ తెరిచే ఉంటుంది. నెస్ట్ పోయి ఈఏపీసెట్‌లో మెకానికల్ వచ్చిందంటే దారి మూసుకుపోయినట్టు కాదు, ఇంకో గుమ్మంలోంచి అదే ఇంట్లోకి వెళ్లడం.

చివరగా ఒక చిన్న విషయం, ఎంపీసీ పిల్లలు చాలామంది ఇక్కడ దెబ్బతింటున్నారు. ఐసర్ పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో పాటు బయాలజీ ప్రశ్నలూ మొత్తం మార్కుల్లో కలుస్తాయి. నెస్ట్‌లో నాలుగింటిలో బాగా వచ్చిన మూడు సెక్షన్లే లెక్క, బయాలజీ వదిలేయొచ్చు. కాబట్టి ఐసర్ కూడా రాయించేటట్టయితే పదో తరగతి బయాలజీ పుస్తకం అటక మీంచి దింపించండి. నెస్ట్ పాత పేపర్లు వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఈ వారమే ఒకటి ప్రింట్ తీయించి ఇవ్వండి, మూడు గంటలు టైమ్ పెట్టి.