వాడి చూశాకే కొననివ్వు

చిరంజీవికి ఆశీస్సులు.

కిరాణా కొట్ల బిల్లింగ్ యాప్‌కి ఏడు రోజుల ట్రయల్ సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసే కొట్టుకి జీఎస్టీఆర్-1, అంటే ఆ నెల అమ్మకాల లెక్క చూపే రిటర్న్, గడువు మరుసటి నెల 11. ఒకటో తారీఖున మొదటి బిల్లు కొట్టినవాడికి, ఆ నెల అమ్మకాలు నీ యాప్‌లోంచి తీసి ఆడిటర్‌కి పంపే పని దాదాపు 40 రోజులకి గానీ రాదు. అది సజావుగా జరిగితేనే డబ్బు కడతాడు. 45 రోజులివ్వు. లెక్క ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి కాదు, మొదటి బిల్లు నుంచి. సరుకుల పేర్లు, ధరలు ఎక్కించుకోవడానికే వారం పడుతుంది మరి.

ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్‌లో పెట్టే ఫ్రీ ట్రయల్‌కి ముందే కార్డో యూపీఐనో ఇవ్వాలి. కొట్టువాడు అక్కడే జారుకుంటాడు. ట్రయల్ నీ సర్వర్ మీదే నడిపి, కట్టేటప్పుడు ప్లే బిల్లింగ్‌కి, అంటే గూగుల్ ప్లే వాళ్ల చెల్లింపు పద్ధతికి, పంపు. పోనీ యాప్‌కే ధర పెడదామా అనుకుంటావేమో, ఒకసారి ఉచితంగా పెట్టిన యాప్‌ని ప్లేలో మళ్లీ పెయిడ్‌గా మార్చనివ్వరు.

తేదీ ఫోన్‌లో మాత్రమే దాచకు. డేటా క్లియర్ చేస్తే పోతుంది. ఫోన్ గడియారం వెనక్కి తిప్పితే ట్రయల్ ఎన్నటికీ అయిపోదు. ఓటీపీతో లాగిన్ చేయించి, ఆ నంబరు మీద సర్వర్ టైమే రాసుకో. కొత్త సిమ్‌తో మళ్లీ వచ్చేవాణ్ణి జీఎస్టీ నంబరు పట్టిస్తుంది. నెట్ పోతే మాత్రం బిల్లు ఆగకూడదు. ట్రయల్ ఇంకా ఉందని సర్వర్ చివరిసారి చెప్పినమాట మూడు రోజులు నమ్ము.

గడువు దగ్గరపడ్డాక పొద్దున యాప్ తెరవగానే ఒక్క ముక్క చూపించు: ‘ఇప్పటికి 1,214 బిల్లులు కొట్టారు. ఇంకా 5 రోజులు.’ సాయంత్రం గిరాకీ వేళ అడ్డం వచ్చావో, తిట్టుకుంటూ తీసేస్తాడు. గడువు దాటాక కొత్త బిల్లు ఆపు గానీ పాత లెక్క ఆపకు. అరువు ఖాతా చూసుకోనివ్వు, ఎక్సెల్‌లో దించుకోనివ్వు. వాడి అప్పుల చిట్టాకి నువ్వు తాళం వేయడమేమిటి?

డబ్బు కట్టాక ఆ కొనుగోలుని 3 రోజుల్లోగా అక్‌నాలెడ్జ్ చేయాలి, అంటే అందిందని గూగుల్‌కి నీ వైపునుంచి చెప్పాలి. లేకపోతే గూగుల్ డబ్బు వెనక్కిచ్చేసి కొనుగోలు రద్దు చేస్తుంది. కట్టినవాడేమో యాప్ పనిచేయడం లేదంటాడు, నీకేమో కారణం అంతుపట్టదు.

యాప్‌ని ప్లేలో పెట్టే ప్లే కన్సోల్‌లో నీ జీమెయిల్‌ని లైసెన్స్ టెస్టర్‌గా, అంటే కొనుగోళ్లు పరీక్షించేవాడిగా, చేర్చుకో. అప్పుడు నీకు నెల సబ్‌స్క్రిప్షన్ 5 నిమిషాలకే రెన్యూ అవుతుంది, టెస్ట్ కార్డు ఎంచుకుంటే డబ్బూ పోదు. కట్టి, రద్దు చేసి, మళ్లీ కట్టి చూశాకే బయటికి వదులు.